స్లీపింగ్ బ్యూటీ బ్యాలే: ఏ రికార్డింగ్ మేలు?

పిలవని పేరంటానికి వచ్చిన దుష్ట దేవకన్య కారబోస్, ఉయ్యాల్లో ఉన్న పసిపిల్లకు శాపం పెడుతుంది. పెళ్లీడుకొచ్చిన రాకుమారి అరోరా పుట్టినరోజునాడు కదురు వేలికి గుచ్చుకుంటుంది. లైలాక్ దేవకన్య పుణ్యమా అని చావు తప్పి, నూరేళ్ల నిద్రతో సరిపోతుంది. ఆ తర్వాత రాకుమారుడు, ముద్దు, పెళ్లి. కథంతా ఇంతే. మూడు గంటల ప్రదర్శనకు ఇది చాలదు. అందుకే స్లీపింగ్ బ్యూటీలో భారమంతా అరోరా వేసే నర్తకి మీద, చైకోవ్‌స్కీ సంగీతం మీద పడుతుంది. పైగా ఆ నర్తకి ఒక్క రాత్రిలో ముగ్గురు కావాలి. మొదటి అంకంలో లోకం తెలియని అమ్మాయి. రెండో అంకంలో రాకుమారుడికి అడవిలో కనిపించే రూపం, మనిషి కాదు. మూడో అంకంలో పెళ్లికూతురు, రేపటి రాణి. ఏ రికార్డింగ్ చూసినా నేను మొదట వెతికేది ఈ ముగ్గురూ వేరువేరుగా కనిపిస్తున్నారా అని. ఆ తర్వాతే సెట్లు, బట్టలు, బొమ్మ నాణ్యత.

ఒకే బ్యాలే రికార్డింగులు ఒకదానికొకటి ఎందుకింత తేడాగా ఉంటాయో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. 1890 జనవరిలో సెయింట్ పీటర్స్‌బర్గ్ మారిన్‌స్కీ థియేటర్‌లో నృత్యదర్శకుడు మారియుస్ పెటిపా దీన్ని మొదటిసారి వేయించాడు. కథను ఫ్రెంచ్ రచయిత పెరో రాసిన జానపద కథ నుంచి తీసుకుని, బట్టలకు బొమ్మలు గీసింది ఇంపీరియల్ థియేటర్ల డైరెక్టర్ వ్సెవలోజ్‌స్కీ. అరోరాగా ఇటలీ అమ్మాయి కార్లొత్తా బ్రియాంజా. కారబోస్‌గానూ, మూడో అంకంలో బ్లూ బర్డ్ (నీలి పిట్ట)గానూ ఒక్కడే, ఎన్రికో చెకెట్టి. 1917 రష్యా విప్లవం తర్వాత ఈ బ్యాలే రెండు దారులు పట్టింది. ఒక దారి, సోవియట్ కాలంలో లెనిన్‌గ్రాడ్ అని పేరు మారిన ఆ ఊళ్లోనే ఉండిపోయి, 1952లో కాన్‌స్టాంటిన్ సెర్గేయెవ్ సవరించిన రూపంలో కిరోవ్ బ్యాలేలో (మారిన్‌స్కీ బృందానికి అప్పటి పేరు) స్థిరపడింది. రెండోది నికొలాయ్ సెర్గేయెవ్ దేశం దాటించిన నాట్యలిపి ప్రతులతో లండన్ చేరి, 1939లో శాడ్లర్స్ వెల్స్ బ్యాలే బృందంతో రంగస్థలం ఎక్కింది. యుద్ధం ముగిశాక 1946 ఫిబ్రవరిలో లండన్‌లోని కావెంట్ గార్డెన్ ఒపేరా థియేటర్ తలుపులు తెరిచింది ఈ బ్యాలేతోనే. అరోరా మార్గట్ ఫాంటీన్, రంగులూ బట్టలూ ఆలివర్ మెసెల్‌వి. ఈనాటి రాయల్ బ్యాలే ఆ శాడ్లర్స్ వెల్స్ బృందం నుంచి వచ్చిందే.

లండన్ దారిలో మూకాభినయం మిగిలింది. లెనిన్‌గ్రాడ్ దారిలో దాన్ని చాలావరకు తీసేసి నాట్యాన్ని పెంచారు. రికార్డింగ్ ఎంచుకునేటప్పుడు మీ అభిరుచి తేలేది ఇక్కడే.

రాయల్ బ్యాలే 2006లో, తన 75వ ఏట, మెసెల్ డిజైన్లను తిరిగి తెచ్చి కొత్తగా వేసింది. మోనికా మేసన్, క్రిస్టఫర్ న్యూటన్ కలిసి నిలబెట్టిన ఆ ప్రదర్శనను చిత్రీకరించి డీవీడీగా విడుదల చేశారు. అరోరా ఆలినా కొజొకారు, రాకుమారుడు ఫెదెరికో బొనెల్లి, లైలాక్ దేవకన్య మరియానెలా నూన్యెస్. ఇందులో కారబోస్ శాపాన్ని ఒక్కసారి మాట లేకుండా, సబ్‌టైటిల్ లేకుండా చూడండి. ఉయ్యాల వైపు చూపిస్తుంది. అరచేతిని అంతకంతకూ పైకెత్తి పిల్ల పెరుగుతుందంటుంది. చేతిని ముఖం చుట్టూ తిప్పి అందగత్తె అవుతుందంటుంది. వేలితో అరచేతిలో పొడిచి కదురు గుచ్చుకుంటుందంటుంది. ఆ తర్వాత పిడికిళ్లు బిగించి, రెండు మణికట్టులూ ఒకదానిపై ఒకటి అడ్డంగా పెట్టి కిందికి దించుతుంది. అంటే చావు. కూచిపూడి హస్తాభినయం చూసి పెరిగిన మనవాళ్లకు ఇది అర్థం కావడానికి క్షణం పట్టదు. యూరప్ ప్రేక్షకులకన్నా మనకే ఇది తేలిక అని నాకు గట్టి నమ్మకం. లైలాక్ దేవకన్య అదే మణికట్టుల సైగను తీసుకుని, కాదంటూ తల ఊపి, చెంప కింద చేతులు పెట్టి నిద్ర అని మార్చినప్పుడు కథ మలుపు తిరగడం కళ్లారా కనిపిస్తుంది. కిరోవ్, మాస్కో బొల్షాయ్ రికార్డింగుల్లో ఈ భాగం ఇంత స్పష్టంగా దొరకదు.

కొజొకారు బుకారెస్ట్‌లో పుట్టి, కీవ్‌లో నాట్యం నేర్చుకుని లండన్ చేరింది. మొదటి అంకంలో ఆమె పరుగెత్తుకొచ్చే తీరులోనే పుట్టినరోజు సంబరం ఉంది. ఆ అంకంలోనే వచ్చే రోజ్ అడాజియో అనే నాట్యం దగ్గర కొంచెం ఆగుతాను, ఎందుకంటే అన్ని రికార్డింగులనూ పక్కపక్కన పెట్టి తూచడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు. నలుగురు రాకుమారులు వరసగా వచ్చి చేయి అందిస్తారు. అరోరా ఒంటికాలి మునివేళ్ల మీద నిలబడి, రెండో కాలు వెనక వంచి, ఒకరి చేయి వదిలి రెండు చేతులూ తలపైకి తెచ్చి, మళ్లీ ఇంకొకరి చేయి అందుకోవాలి. చివర్లో మరీ కష్టం. ఒక్కొక్క రాకుమారుడు ఆమెను చుట్టూ తిప్పి వదిలేస్తాడు. తర్వాతివాడు వచ్చేదాకా ఆమె ఒంటరిగా నిలబడాలి. చాలామంది నర్తకుల ముఖంలో ఇక్కడ పరీక్ష హాలు కనిపిస్తుంది. కొజొకారు చేయి వదిలి పైకి ఎత్తి, అందులోనే కాసేపు ఉండిపోతుంది. తర్వాతి చేతిని అందుకోవడానికి తొందరపడదు. అంతకన్నా ముఖ్యం, ఆ రాకుమారుడి ముఖంలోకి చూస్తుంది. సిగ్గూ కుతూహలమూ కలిసిన ఆ చూపుతో సర్కస్ ఫీటు కావలసింది కథ అయిపోతుంది.

ఇక్కడే కెమెరా సంగతి చెప్పాలి. ఈ సమతూకంలో నిజం మడమ దగ్గర ఉంటుంది. మడమ వణుకుతోందా, మునివేలు కదిలిందా, వెన్ను నిటారుగా ఉందా అన్నది ఒళ్లంతా కనిపిస్తేనే తెలుస్తుంది. సరిగ్గా చేయి వదిలే క్షణంలో కెమెరా ముఖం దగ్గరికి పోయిందంటే ఆ రికార్డింగ్ మిమ్మల్ని నాట్యానికి దూరం చేసినట్టే. కొత్త రికార్డింగ్ ఏది చేతికొచ్చినా నేను మొదట ఈ ఎనిమిది నిమిషాల లోపు భాగాన్నే చూస్తాను. తల నుంచి కాలి దాకా చూపిస్తే మిగతాదీ చూస్తాను. ఈ పరీక్షలో రాయల్ 2006 నెగ్గుతుంది. దాని లోపం వేరే ఉంది. తిరిగి గీసిన మెసెల్ తెరలు కెమెరాలో పాలిపోయినట్టుంటాయి, పెద్ద సభామందిరం ఉన్నదానికన్నా పలచగా కనిపిస్తుంది.

ఇక 1983 కిరోవ్ రికార్డింగ్. అరోరా ఇరీనా కొల్పకోవా, రాకుమారుడు సెర్గేయ్ బెరెజ్నోయ్, లైలాక్ దేవకన్య ల్యుబోవ్ కునకోవా. కొల్పకోవా 1933లో పుట్టింది. అంటే యాభై దరిదాపుల్లో ఉండి పుట్టినరోజు పిల్లగా నాట్యం చేసింది. బొమ్మ పాతకాలపు టీవీ బొమ్మ, అంచులు మెత్తగా ఉంటాయి. సెట్లూ బట్టలూ గీసిన విర్సలాద్జె వేసిన నీలి, వెండి రంగులు వెలిసిపోయాయి. ఇన్ని ఉన్నా దీన్ని పక్కన పెట్టలేను. లెనిన్‌గ్రాడ్ బ్యాలే గురువు అగ్రిప్పినా వగనోవా చివరి శిష్యుల్లో ఒకరైన ఆమె ఒంట్లో ఆ బడి మొత్తం ఉంది. భుజాలు ఎప్పుడూ పైకి లేవవు. తల తిరగడానికి ముందే చూపు తిరుగుతుంది. కాలు నడుము ఎత్తు దాటి పెద్దగా పైకి పోదు, అయినా అక్కడి నుంచి చేతివేళ్ల దాకా ఒకే గీత సాగుతుంది.

రెండో అంకంలోని విజన్ దృశ్యానికి దీన్ని మించింది నేను చూడలేదు. చెల్లో ఒంటరిగా పాడుతుంటుంది. లైలాక్ దేవకన్య చూపిన అరోరా రూపం వనకన్యల మధ్య రాకుమారుడికి అందీ అందకుండా జారిపోతుంటుంది. కొజొకారు ఇక్కడ కూడా కొంచెం ప్రేమగా, మనిషిలాగే ఉంటుంది. కొల్పకోవా మాత్రం అతని చేతుల్లో ఉన్నా ఎక్కడో ఉన్నట్టుంటుంది. ఆ దూరం వల్లే అతను పడవెక్కి నూరేళ్ల నిద్రలో ఉన్న కోటకు బయల్దేరతాడన్నది నమ్మబుద్ధేస్తుంది.

మూడో అంకంలో రెండు దారుల తేడా మళ్లీ బయటపడుతుంది. లండన్ దారిలో పెళ్లి జంట నాట్యానికి ఫిష్ డైవ్‌లు ఉంటాయి. అరోరా గిర్రున తిరిగి ముందుకు పడిపోతుంటే రాకుమారుడు ఆమె నడుము పట్టి, ముఖం నేలకు దగ్గరగా ఉండగా ఆపుతాడు. చివరిసారి రెండు చేతులూ వదిలేసి చూపిస్తాడు కూడా. ఇవి పెటిపా పెట్టినవి కావు, 1921లో రష్యన్ బ్యాలే నిర్మాత ద్యాగిలెవ్ లండన్‌లో వేయించిన ప్రదర్శనలో చేరాయి. కిరోవ్ దారిలో అవి లేవు. చప్పట్లు ఫిష్ డైవ్‌లకే. నాకు మాత్రం అవి లేని నాట్యమే పెళ్లికి తగ్గ గాంభీర్యంతో ఉంటుంది.

కళ్లు జిగేలుమనిపించేది బొల్షాయ్ 2011. ఆరేళ్ల మరమ్మతు తర్వాత పెద్ద రంగస్థలం తెరిచిన కొద్ది వారాలకే, నవంబర్‌లో, యూరి గ్రిగొరోవిచ్ కొత్త కూర్పుగా వేసింది. స్వెత్లానా జఖారోవా, డేవిడ్ హాల్‌బర్గ్ జంట. బొల్షాయ్‌లో ప్రధాన నర్తకుడైన మొదటి అమెరికన్ హాల్‌బర్గ్, ఆ పాదాల వంపు చూడటానికైనా ఈ డిస్క్ ఒకసారి వేయొచ్చు. బొమ్మ, శబ్దం రెండూ మిగతా అన్నిటికన్నా మేలు. బ్లూ బర్డ్ జంటగా అర్త్యోమ్ అవ్‌చారెంకో, నీనా కప్త్సోవా చక్కగా చేశారు. కానీ జఖారోవా కాలు చెవి దాకా లేస్తుంది, లేచిన ప్రతిసారీ నా చూపు అక్కడికే పోతుంది, అరోరా ముఖం మరిచిపోతాను. మొదటి అంకంలోనే ఆమె మహారాణిలా ఉంటుంది. పుట్టినరోజు పిల్ల ఎక్కడా కనిపించదు. ముగ్గురు కావలసిన చోట ఒక్కరే, అదీ మూడో అంకానికి మాత్రమే సరిపోయే మనిషి. గ్రిగొరోవిచ్ కథను రెండు అంకాలకు బిగించడంతో ఊపిరి పీల్చుకునే చోట్లూ తగ్గాయి.

ప్యారిస్ ఒపేరా వారిది నురేయెవ్ కూర్పు. కిరోవ్‌లో పెరిగి 1961లో ప్యారిస్‌లోనే సోవియట్ బృందాన్ని వదిలేసిన ఈ నర్తకుడు, తనకు తెలిసిన స్లీపింగ్ బ్యూటీని తన కోసం మార్చుకున్నాడు. 1999లో చిత్రీకరించిన రికార్డింగులో ఒరేలీ దుపాఁ, మనుయెల్ లెగ్రీ ఉన్నారు. పెటిపా కాలంలో రాకుమారుడికి నాట్యం అంతంతమాత్రమే. నురేయెవ్ అతనికి రెండో అంకంలో నెమ్మదిగా సాగే పెద్ద ఒంటరి నాట్యం ఇచ్చాడు. లెగ్రీ అందులో ఒక్క అడుగు కూడా తొట్రుపడకుండా రాకుమారుడి ఒంటరితనాన్ని చూపిస్తాడు. మగ నర్తకుల కోసం చూసేవారికి ఇదే సరైనది. కాకపోతే స్వరానికో అడుగు చొప్పున కూర్చడంతో కొన్నిచోట్ల సంగీతం వినే తీరిక ఉండదు. దుపాఁ కచ్చితంగా, అందంగా చేస్తుంది గానీ మనసు మీద ముద్ర వేయదు.

పాతవి రెండు ఉన్నాయి, ఒకటికి మించి ఒకటి విలువైనవి. 1964లో లెనిన్‌గ్రాడ్ సినిమా సంస్థ లెన్‌ఫిల్మ్ తీసిన సినిమా రంగస్థలం మీద తీసింది కాదు, స్టూడియోలో తీసింది, గంటన్నరకు కుదించింది. అరోరా అల్లా సిజోవా, రాకుమారుడు యూరి సలవ్యోవ్. గాల్లోకి లేచాక సలవ్యోవ్ ఇంకా కాసేపు అక్కడే ఉంటాడు, దిగడం చప్పుడు లేకుండా దిగుతాడు. కారబోస్‌గా ఒకనాటి గొప్ప అరోరా నతాలియా దుదిన్‌స్కయా. బ్లూ బర్డ్ జంటలో యువతి నతాలియా మకరోవా. ప్రేక్షకులు లేరు కాబట్టి చప్పట్లు లేవు, బూట్ల టకటక లేదు. కెమెరా నర్తకులతోపాటు తిరుగుతుంది. పూర్తి బ్యాలే అనిపించదు, కానీ సలవ్యోవ్‌ను మళ్లీ మళ్లీ చూస్తాను.

1955 డిసెంబర్‌లో అమెరికా ఎన్‌బీసీ టీవీలో ప్రత్యక్షంగా వచ్చిన ప్రసారంలో ఫాంటీన్ అరోరా, నృత్యదర్శకుడు ఫ్రెడరిక్ ఆష్టన్ కారబోస్. రంగుల్లోనే ప్రసారమైనా మనకు మిగిలింది నలుపు తెలుపు ప్రతి. ఇరుకు స్టూడియోలో పెద్ద బృందం ఇబ్బంది పడుతుంటుంది. అయినా రోజ్ అడాజియోలో ఫాంటీన్ తల తిప్పే తీరు చూస్తే, తర్వాతి అరోరాలంతా దేన్ని అందుకోవాలని చూశారో తెలుస్తుంది.

ఒక్కటే ఇంట్లో ఉంచుకోవాలంటే నేను రాయల్ 2006 ఉంచుకుంటాను. కథ, అభినయం, అరోరా ముఖం, ఒళ్లంతా చూపే కెమెరా, నాలుగూ ఒకేచోట ఉన్నది అదొక్కటే. రెండు పెట్టుకునే వీలుంటే రెండోది కిరోవ్ 1983, బొమ్మ ఎంత పాతదైనా సరే. బొల్షాయ్‌ది స్నేహితులతో కలిసి పెద్ద తెర మీద చూడండి, దాని బలం అక్కడ తెలుస్తుంది. నురేయెవ్ కూర్పు ఇదివరకే రెండు మూడు స్లీపింగ్ బ్యూటీలు చూసినవారికి. మొదటిసారి చూసేవారికి అది బరువు.

పిల్లలతో చూసేటట్టయితే మొదటి నుంచి మొదలుపెట్టకండి. ముందుమాటలాంటి మొదటి భాగంలో దేవకన్యలు ఒకరి తర్వాత ఒకరు వచ్చి వరాలిస్తుంటే చిన్నవాళ్లకు ఓపిక చాలదు. రాయల్ డిస్క్‌లో మూడో అంకం పెట్టండి. బూట్లేసుకున్న పిల్లి తెల్లపిల్లితో కొట్లాడుతుంది, ఎర్రటోపీ పిల్ల తోడేలుకు దొరుకుతుంది, బ్లూ బర్డ్ ఎగురుతుంది. అవన్నీ అయ్యాక అరోరాకు ఇంత పెద్ద పెళ్లి ఎందుకు జరుగుతోందని వాళ్లే అడుగుతారు. అప్పుడు కారబోస్ దగ్గరికి తీసుకెళ్లండి.