వాయుసేన పెద్దల జ్ఞాపకాల రికార్డింగ్‌కు జూమ్ హెచ్1ఎసెన్షియల్ ఎంతవరకు పనికొస్తుంది?

సికింద్రాబాద్‌లో సైనిక్‌పురి, అల్వాల్, యాప్రాల్ వైపు వాయుసేన నుంచి రిటైరైనవాళ్ల ఇళ్లు చాలా ఉన్నాయి. 1971 యుద్ధంలో పనిచేసినవాళ్లలో బాగా చిన్నవాళ్లకు కూడా ఇప్పుడు డెబ్బై దాటింది. వాళ్ల మాటలు రికార్డు చేద్దామనుకునే పిల్లలు, మనవలు మొదట అడిగే ప్రశ్న ఒకటే: ఫోన్ సరిపోదా? రెండో కాపీకి సరిపోతుంది. ఒక్క ఫోన్‌నే నమ్ముకుంటే మాత్రం మధ్యలో కాల్ వస్తుంది. చాలా ఫోన్లు శబ్దాన్ని తమంతట తాము పెంచుతూ తగ్గిస్తూ ఉంటాయి కాబట్టి, పెద్దాయన ఆలోచిస్తూ ఆగిన ప్రతిసారీ ఫ్యాన్ హోరు పైకి లేస్తుంది.

ఈ పనికి ఆడియో పరికరాలు చేసే జూమ్ కంపెనీ 2024లో తెచ్చిన హెచ్1ఎసెన్షియల్ బాగా నప్పుతుంది. అరచేతిలో పట్టేంత రికార్డర్. తల మీద 90 డిగ్రీల కోణంలో రెండు మైకులు, లోపల రెండు ట్రిపుల్-ఎ బ్యాటరీలు, పక్కన యూఎస్‌బీ-సి. లెవెల్ సర్దే చక్రం లేదు. 32-బిట్ ఫ్లోట్‌లో, అంటే బాగా చిన్న శబ్దాన్నీ బాగా పెద్ద శబ్దాన్నీ ఒకే ఫైల్‌లో పట్టే పద్ధతిలో రికార్డు చేస్తుంది కాబట్టి ఆ అవసరమే రాదు. పెద్దవాళ్లతో కూర్చున్నప్పుడు దీని విలువ తెలుస్తుంది. "రన్‌వే మీద వరుసగా నిలబెట్టాం" అని గొణిగిన మనిషే మరుక్షణం బల్ల మీద అరచేత్తో కొట్టి బాంబు పడిన చప్పుడు చేసి చూపిస్తాడు. మామూలు రికార్డర్‌లో ఆ దెబ్బకు శబ్దం పగులుతుంది. లేదా దానికి భయపడి లెవెల్ తగ్గిస్తే గొణుగుడు పోతుంది. ఇందులో రెండూ దక్కుతాయి. గొణుగుడును తర్వాత కంప్యూటర్‌లో పెంచుకోవచ్చు. మైకు భరించే హద్దు 120 డెసిబెల్స్, ఇంట్లో మాటలు అక్కడిదాకా వెళ్లవు. శబ్దం స్థాయి చూపే మీటర్‌ను చూసే పని తప్పుతుంది కాబట్టి మన కళ్లు ఆయన మొహం మీదే ఉంటాయి. ఈ ఒక్క కారణానికే కొనొచ్చు.

అయితే ఫ్లోట్ ఉందని ధీమాగా దూరంగా పెట్టేస్తే ఏ సాఫ్ట్‌వేరూ కాపాడదు. దూరం రెట్టింపైతే గొంతు సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది, గది ప్రతిధ్వని మాత్రం తగ్గదు. తర్వాత గొంతు పెంచితే ప్రతిధ్వనీ దానితోపాటే పెరుగుతుంది. నోటికి 30 నుంచి 40 సెంటీమీటర్లలో, ఊపిరి నేరుగా తగలకుండా కాస్త పక్కకు పెట్టాలి. బల్ల మీద పెట్టేటట్టయితే కింద మడతపెట్టిన తువ్వాలు తప్పదు. ఒళ్లంతా ప్లాస్టిక్ కాబట్టి టీ కప్పు పెట్టిన చప్పుడు, వేలితో బల్ల తట్టిన చప్పుడు నేరుగా ఎక్కుతాయి. చేత్తో పట్టుకుని రికార్డు చేయకండి. చిన్న ట్రైపాడ్ బిగించుకోవచ్చు.

మన ఇళ్లలో అసలు శత్రువు సీలింగ్ ఫ్యాన్. దాని చప్పుడు కంటే గాలే ప్రమాదం, మైకుకు తగిలితే కింది స్వరాల్లో గుడగుడలాడుతుంది. ఫోమ్ తొడుగు పెట్టెలో రాదు, విడిగా కొనాలి. కింది స్వరాలను కోసేసే లో-కట్‌ను 80 హెర్ట్జ్ దగ్గర పెడితే గుడగుడ కొంత తగ్గుతుంది, మాట చెడదు. ఎండాకాలంలో ఎనభై ఏళ్లాయన్ని ఫ్యాన్ ఆపమనడం కంటే, కుర్చీని ఫ్యాన్ కిందినుంచి జరిపి కర్టెన్లున్న గోడ దగ్గర వేయడం మేలు.

కాలర్ మైకు వాడితే ఇంకా శుభ్రంగా వస్తుంది. బోయా బివై-ఎమ్1 లాంటిదానికి ఆరు మీటర్ల తీగ ఉంటుంది. దాని డబ్బా మీది మీటను కెమెరా వైపు పెట్టాలి, ఎల్ఆర్44 బ్యాటరీ బతికే ఉందో చూసుకోవాలి. మీట ఫోన్ వైపు ఉండిపోతే శబ్దం రాదు, వచ్చినా సన్నగా వస్తుంది. తీగ గుచ్చగానే రికార్డర్ సొంత మైకులు ఆగిపోతాయి కాబట్టి మన ప్రశ్నలు దూరంగా వినిపిస్తాయి. పర్వాలేదు, వినాల్సింది ఆయన్ని.

మొదటిసారి ఆన్ చేయగానే భాష, తేదీ, బ్యాటరీ రకం అడుగుతుంది. చార్జింగ్ సెల్స్ వేసి ఆల్కలైన్ అని చెబితే బ్యాటరీ బొమ్మ అబద్ధం చెబుతుంది. తేదీ కచ్చితంగా పెట్టండి, తర్వాత ఫైళ్లు వేరుచేసుకోవడం తేలిక. 48 కిలోహెర్ట్జ్ చాలు. అందులో స్టీరియో గంటకు సుమారు 1.4 జీబీ అవుతుంది, అంటే 32 జీబీ కార్డులో ఇరవై గంటలకు పైగా పడుతుంది. మాటలకు 96 పెట్టడం కార్డు దండగ. మైక్రో ఎస్‌డీ కార్డు కూడా విడిగా కొనాల్సిందే. నకిలీ కార్డు మీద 128 జీబీ అని అచ్చేసి ఉన్నా లోపల అంత చోటుండదు. నిండాక వచ్చిన మాటలు చెప్పకుండా మాయమవుతాయి. కొత్త కార్డును కంప్యూటర్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యు అనే కార్డు పరీక్ష సాఫ్ట్‌వేర్‌తో పూర్తిగా రాసి చదివించి, ఆ తర్వాత రికార్డర్‌లోనే ఫార్మాట్ చేయండి. రికార్డింగ్ మొదలయ్యాక, పొరపాటున బటన్ నొక్కినా ఆగకుండా హోల్డ్ మీట వేయండి. ఆపకుండా బ్యాటరీ లాగితే ఫైల్ తెరుచుకోకపోవచ్చు.

జెట్ ఇంజన్ల పక్కన ఏళ్లతరబడి పనిచేసినవాళ్లలో చాలామందికి పై స్వరాలు వినిపించవు. అరవడం కాదు, కింది స్వరంలో, మొహం కనిపించేలా కూర్చుని నెమ్మదిగా అడగాలి. వినికిడి యంత్రం ఉన్నవారికి హెడ్‌ఫోన్ పెట్టొద్దు, యంత్రం ఈల వేయొచ్చు. హకీంపేట వాయుసేన స్థావరం నుంచి లేచిన విమానం ఇంటి మీదుగా పోతే రికార్డింగ్ ఆపకండి. వాక్యం పాడైతే పాడైంది, ఆ చప్పుడు విన్నాక ఆయన ఏం మాట్లాడతాడో చూడండి.

ప్రశ్నల సంగతి యంత్రం చూసుకోదు. "1971లో ఏం జరిగింది?" అంటే పుస్తకాల్లో ఉన్నదే తిరిగి వస్తుంది. విమానాల ఆయుధాలు చూసుకునే ఆర్మమెంట్ ఫిట్టర్‌ని హంటర్ యుద్ధవిమానం ముక్కు కింద నాలుగు 30 మిల్లీమీటర్ల ఏడెన్ తుపాకుల ప్యాక్‌ను మొత్తంగా ఎలా దించేవాళ్లు, ఎవరు ఎటు నిలబడేవాళ్లు అని అడగండి. మిగ్-21 ఎఫ్ఎల్ మీద పనిచేసినాయన్ని లోపల తుపాకీ లేని విమానానికి పొట్ట కింద గన్‌పాడ్, అంటే తుపాకీ ఉన్న తొడుగు, బిగించడం గురించి అడగండి. విమానం మరమ్మతుల పుస్తకమైన ఫారం 700లో ఏ స్నాగ్ (లోపం) మాటిమాటికీ రాసేవాళ్లు అన్నది ఏ ఫిట్టర్‌కైనా నోరు తెరిపించే ప్రశ్న. పైలట్లకు లాగ్‌బుక్ ఉంటుంది, అది ముందు పెట్టుకుంటే తేదీలు సర్దుకుంటాయి. నేల మీద పనిచేసే ఎయిర్‌మన్‌కు అది ఉండదు కాబట్టి పాత ఫొటోలే దారి. అప్పటి తూర్పు పాకిస్తాన్‌లోని బోయ్రా మీద మన నాట్ యుద్ధవిమానాల పోరు 1971 నవంబర్ 22న జరిగింది, యుద్ధం మొదలైంది డిసెంబర్ 3న. ఆయన రెండూ కలిపి చెప్పినా మధ్యలో దిద్దకండి, తర్వాత పక్కన రాసుకోండి. రేడియో ఫ్రీక్వెన్సీలు, కోడ్‌లు, ఇప్పటికీ వాడుకలో ఉన్న పరికరాల సంగతులు అడగనే వద్దు. సర్వీస్ నంబర్, పెన్షన్ కాగితాలు గట్టిగా చదివించొద్దు.

ఇంటికొచ్చాక అసలు వేవ్ ఫైల్‌ను ముట్టుకోకుండా రెండు చోట్ల దాచండి, ఒకటి ఇంటి బయట. 32-బిట్ ఫ్లోట్ ఫైల్ అన్ని ఫోన్లలోనూ మోగదు. నేరుగా వాట్సాప్‌లో పంపితే "పాడైంది" అని కబురొస్తుంది. ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్‌లో పీక్‌ను (అన్నిటికన్నా పెద్ద శబ్దాన్ని) మైనస్ 1 డెసిబెల్‌కు సరిచేసి ఎంపీ3గా పంపండి. ఓఆర్పీ (విమానాలు సిద్ధంగా నిలిపే చోటు), డిస్పర్సల్ (విమానాలను విడివిడిగా నిలిపే చోటు), స్క్రాంబుల్ (హుటాహుటిన లేవడం) లాంటి మాటలు తెలుగులో కలిసిపోయి వస్తాయి, మాటను రాతగా మార్చే సాఫ్ట్‌వేర్ వాటిని చిందరవందర చేస్తుంది. ఊళ్లు, విమానాలు, స్క్వాడ్రన్ల పేర్ల జాబితా ఆయన దగ్గరున్నప్పుడే రాయించుకోవాలి.

హెచ్1ఎసెన్షియల్ అమెరికాలో 100 డాలర్ల లోపు ధరతో వచ్చింది. ఇక్కడ కొనేటప్పుడు బిల్లు మీద భారత వారంటీ ఉందో లేదో చూడండి. దీని పాత మోడల్ హెచ్1ఎన్ సెకండ్ హ్యాండ్‌లో దొరికితే అదీ చెడ్డది కాదు. అది 24-బిట్, కార్డు 32 జీబీ వరకే తీసుకుంటుంది, యూఎస్‌బీ పాత మైక్రో రకం. దానిలో ఆటో లెవెల్ ఆపేసి, గట్టిగా మాట్లాడినప్పుడు మీటర్ మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా చక్రం తిప్పుకోవాలి. పక్కన మీటర్ చూసే మనిషి ఇంకొకరుంటే అదే చాలు. ఒక్కరే వెళ్లి అడగాల్సివస్తే కొత్తదే తీసుకోండి.