విందు తిని నడిచి కరిగించడమా, విందులోనే తగ్గించి తినడమా: ఏది మేలు?

కర్నూలులో బరువు తగ్గాలని పట్టుబట్టినవాళ్ళకి ఇంట్లో పెద్ద ఇబ్బంది ఉండదు. అన్నం తగ్గిస్తారు, నూనె తగ్గిస్తారు, పొద్దున్నే ఔట్‌డోర్ స్టేడియంలో నాలుగు రౌండ్లు వేస్తారు. ఇబ్బందంతా పిలుపులతోనే. మాఘంలో పెళ్ళిళ్ళు, శ్రావణంలో గృహప్రవేశాలు, మధ్యలో మేనమామ ఊళ్ళో దేవర. దేవరకి పోయి పొట్టేలు కూర ముట్టకుండా ఎట్లా వస్తాం? పోకపోతే ఒక మాట, పోయి తినకపోతే ఇంకా పెద్ద మాట.

ఇలాంటప్పుడు మనవాళ్ళు మూడు దారుల్లో ఏదో ఒకటి పడతారు. కడుపునిండా తిని మర్నాడు గట్టిగా నడిచేవాళ్ళు కొందరు. విందుకు ముందే పస్తుండేవాళ్ళు కొందరు. అందరితో కూర్చుని తింటూనే అక్కడే తగ్గించుకునేవాళ్ళు ఇంకొందరు. నా ఓటు ఈ మూడో దారికే.

మొదటిది వినడానికి న్యాయంగానే ఉంటుంది. తిన్నాం, కష్టపడ్డాం, చెల్లుకు చెల్లు. కానీ లెక్క వేసి చూడండి. 70 కిలోల మనిషి గంటసేపు చురుగ్గా నడిస్తే సుమారు 250 నుంచి 300 కేలరీలు ఖర్చవుతాయి. నెయ్యి పోసిన ఓళిగ ఒక్కదానిలోనే, సైజును బట్టి, 200 పైన ఉంటాయి. రెండు తింటే గంటన్నర నడక బాకీ పడ్డట్టే. ఇక బిర్యానీ, నూనె తేలే కూర, పాయసం కూడా కలిస్తే ఆ ఒక్క పూటే 1500 దాటడం చాలా తేలిక. గ్రాము చక్కెరకి 4 కేలరీలైతే గ్రాము నూనెకి, నెయ్యికి 9. అందుకే విందు భోజనం చూడటానికి కొంచెంగా ఉన్నా లెక్కలో అంత బరువవుతుంది. ఆ 1500 నడిచి తీర్చాలంటే ఐదు గంటలు కావాలి. ఉద్యోగం, పిల్లలు, మన ఎండలు చూసుకుంటే అది అయ్యే పని కాదు. ఇంకో చిక్కు కూడా ఉంది. బాగా నడిచొచ్చాక ఆకలేస్తుంది, ‘ఇంత నడిచాం కదా’ అని ధైర్యమూ వస్తుంది. స్టేడియం నుంచి నేరుగా ఉగ్గాని బజ్జి బండి దగ్గరికి పోతే, ఆ రెండు మిరపకాయ బజ్జీలకే నడకలో చాలా భాగం సరిపోతుంది.

అంతమాత్రాన నడక మానమని కాదు. పెద్దవాళ్ళు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం చేయాలని, రెండు రోజులైనా కండరాలకి పని చెప్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. షుగర్, బీపీ, నిద్ర అన్నిటికీ అది మంచిది. తగ్గిన బరువు మళ్ళీ పెరగకుండా కాపాడేదీ చాలావరకు వ్యాయామమే. బరువు తగ్గేటప్పుడు కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది కాబట్టి గుంజీలు, చిన్న బరువులెత్తడం లాంటివి తప్పకుండా చేయాలి. విందు రోజు మాత్రం మర్నాటి దాకా ఆగకండి. తిన్న కాసేపటికే పది, పదిహేను నిమిషాలు నడిస్తే రక్తంలో చక్కెర అంతగా ఎగబాకదు. కిళ్ళీ నములుతూ కుర్చీలో కూలబడే బదులు ఫంక్షన్ హాలు చుట్టూ బావనో వదిననో తోడు తీసుకుని మాట్లాడుకుంటూ తిరగండి.

రెండో దారి గురించి ఎక్కువ చెప్పను. పొద్దుట్నుంచి ఏమీ తినకుండా విందుకు పోయినవాళ్ళు ఆకలి మీద మొదటి వాయిలోనే మామూలు కంటే ఎక్కువ తినేస్తారు. ఇన్సులిన్ గానీ, కొన్ని రకాల షుగర్ మాత్రలు గానీ వాడేవాళ్ళకి పస్తు ప్రమాదం కూడా. ఆ పూటకి ముందు రెండు ఉడికించిన గుడ్లో, మొలకలో, గ్లాసు మజ్జిగో తీసుకుని పోవడం నయం.

ఇక మూడోది. ఇందులో బంతి భోజనమా, బఫేనా అన్నది కూడా ముఖ్యమే. బఫేలో మనకి కావల్సినంతే పెట్టుకోవచ్చని అనుకుంటాం గానీ, అన్నీ కళ్ళ ముందే ఉంటే తలా కాస్త వేసుకుని ప్లేటు నింపేస్తాం. ముందు ఒక చుట్టు ఊరికే చూసి, ఇంట్లో ఎప్పుడూ దొరకనివి రెండు మూడు ఎంచుకుని అవే పెట్టుకోవాలి. బంతిలో అయితే విస్తరి ఖాళీగా కనబడితే చాలు, గరిటె వచ్చేస్తుంది. కాబట్టి నిదానంగా తినండి, విస్తరి మీద ఎప్పుడూ ఏదో కొంత ఉండనివ్వండి. కూరలు, పప్పు, మాంసం ముక్కలు ముందు తిని అన్నం జోలికి తర్వాత పోండి. సంగటి కదా అని రెండు ముద్దలు ఎక్కువ వేసుకునేవాళ్ళున్నారు. రాగుల్లో పీచు, కాల్షియం ఎక్కువే గానీ, పిండి తూకానికి కేలరీలు బియ్యానికి మరీ తక్కువేం కావు.

పెట్టేవాళ్ళ మనసు నొచ్చుకోకూడదు, అది నిజం. ‘డైటింగ్‌లో ఉన్నా’ అంటే బలవంతం ఇంకా పెరుగుతుంది. ‘అత్తా, ఓళిగ భలే కుదిరింది, ఒకటి కట్టివ్వు, రేపు తింటా’ అనండి. ఆమెకీ సంతోషం, మీకూ ఆ పూటకి ఒకటి తగ్గుతుంది.

నిజానికి విందులు ఏడాదికి ఎన్ని వస్తాయి? స్నేహితులతో సాయంత్రం బజ్జీలు, శనివారం రాత్రి బిర్యానీ వారం వారం ఉంటాయి. గట్టిగా ఉండాల్సింది అక్కడ. ఆ స్నేహితుల్నే వారానికి రెండు సాయంత్రాలు నడకకి పిలిస్తే కబుర్లూ ఆగవు, బండి దగ్గరికి పోవడమూ తగ్గుతుంది.

విందు మర్నాడు కాటా ఎక్కి, కిలో పెరిగిందని టెన్షన్ పడి అన్నం మానేయకండి. కిలో కొవ్వు చేరాలంటే ఖర్చుకి మించి సుమారు 7700 కేలరీలు తినాలి. ఒక్క పూటలో అది కాదు. ఉప్పు ఎక్కువైతే ఒంట్లో నీరు నిలుస్తుంది. తిన్న పిండిపదార్థాన్ని ఒళ్ళు గ్లైకోజెన్ అనే నిల్వ చక్కెరగా దాచుకునేటప్పుడు గ్రాముకి మూడు గ్రాముల దాకా నీరు కూడా దానితో నిలుస్తుంది. మామూలు తిండికి వచ్చి, మూడు నాలుగు రోజులాగి, పొద్దున్నే ఖాళీ కడుపుతో చూసుకోండి.