అనంతపురంలో సమకాలీన సంగీతం: సీజన్ టికెట్ కొనొచ్చా?

కొనొచ్చు, కానీ ముందు వరసలు వద్దు. కొత్త సీజన్ మొదటి కచేరీలో వయొలిన్, ఘటం, ల్యాప్‌టాప్ ధ్వనులు కలిపి వినిపించారు. రాగం కోసం వెతుక్కుంటూ కూర్చుంటే నిరాశే. నాదం ఎలా పుడుతోందో, ఎలా సన్నగిల్లుతోందో వింటే గంటన్నర ఇట్టే గడిచిపోతుంది.

ఇబ్బందంతా హాలుతోనే. వేదిక నుంచి వెనక గోడ 20 మీటర్ల దూరంలో ఉంటే శబ్దం వెళ్లి రావడానికి దాదాపు 0.12 సెకన్లు పడుతుంది. అందుకే ముందు కూర్చున్నవాళ్లకు ఘటం దెబ్బ రెండుసార్లు వినిపించింది. ఆ గోడకు మందపాటి తెరలు కడితే చాలావరకు తగ్గుతుంది. వయొలిన్ మైకు మానిటర్ స్పీకరుకు (వాయించేవాళ్లకు తమ శబ్దం వినిపించేందుకు వేదికపై పెట్టేది) ఎదురుగా ఉండటంతో కూత పెట్టింది. వాల్యూమ్ తగ్గించారే గానీ మైకు జరపలేదు! బయటి ఎండకూ లోపలి ఏసీకీ మధ్య తీగల శ్రుతి మారుతుంది, వాద్యాలను కనీసం అరగంట ముందే లోపల పెట్టాలి. అదీ జరగలేదు.

విరామంలో ఉగ్గాని బజ్జీ మాత్రం శ్రుతి తప్పలేదు.

మధ్య వరసల్లో కూర్చోండి. కచేరీకి ముందు 10 నిమిషాల పరిచయం తెలుగులోనే ఉంటుంది, దానికోసమైనా కాస్త తొందరగా వెళ్లండి.