పీఎం వికసిత్ భారత్ రోజ్‌గార్ యోజన: చిన్న యూనిట్‌కు గిట్టుబాటు అవుతుందా?

ఇప్పటికే పీఎఫ్ కోడ్ ఉండి, ఇరవై మందికి పైగా పనిచేస్తూ, చేరినవాళ్లు ఏడాది తిరిగినా మానని యూనిట్‌కు, కొత్తవాళ్లను చేర్చుకుంటే ఉద్యోగికీ యజమానికీ కేంద్రం డబ్బిచ్చే ఈ పథకం బాగానే పనికొస్తుంది. పది మందితో నడిచే షాపుకు యజమాని వైపు నుంచి ఆశ పెట్టుకోవడానికి ఏమీ లేదు. నాలుగో నెలకే మనుషులు మారిపోయే చోట అయితే మిగిలేది కాగితాల పనే.

2025 జులై 1న కేంద్ర క్యాబినెట్ ఆమోదించిన ఈ పథకానికి కేటాయింపు 99,446 కోట్లు. అంతకుముందు ఈఎల్ఐ (ఎంప్లాయ్‌మెంట్ లింక్డ్ ఇన్సెంటివ్) అన్న పేరుతో వార్తల్లో నలిగింది ఇదే. 2025 ఆగస్టు 1 నుంచి 2027 జులై 31 మధ్య వచ్చిన ఉద్యోగాలకే వర్తిస్తుంది. నెల జీతం లక్ష దాటకూడదు. పార్ట్ ఎ ఉద్యోగికి: తొలిసారి పీఎఫ్‌లోకి వచ్చినవాళ్లకు ఒక నెల పీఎఫ్ వేతనం (పీఎఫ్ లెక్కకు తీసుకునే బేసిక్, డీఏ), గరిష్ఠంగా 15,000. ఆరు నెలల సర్వీసు తర్వాత ఒక విడత, పన్నెండు నెలలు నిండి ఆర్థిక అక్షరాస్యత కోర్సు పూర్తిచేశాక రెండో విడత. పార్ట్ బి యజమానికి: అదనంగా పెట్టిన ఒక్కో మనిషికి రెండేళ్లు, తయారీ రంగమైతే నాలుగేళ్లు.

యజమానికి వచ్చేది పీఎఫ్ వేతనాన్ని బట్టి మారుతుంది. 10,000 వరకు ఉంటే దామాషాలో నెలకు 1,000 దాకా, 10,001 నుంచి 20,000 వరకు 2,000, ఆపైన 3,000. ఈ అంకెలను పీఎఫ్ ఖర్చు పక్కన పెట్టి చూడాలి. బేసిక్, డీఏ కలిపి 15,000 ఉన్న మనిషికి యజమాని కట్టేది 12 శాతం వాటా 1,800, ఈడీఎల్ఐ (పీఎఫ్‌తో వచ్చే ఉద్యోగి బీమా) 75, అడ్మిన్ చార్జీ 75, మొత్తం 1,950. వచ్చేది 2,000. మిగులు యాభై రూపాయలు. వేతనం 12,000 అయితే ఖర్చు 1,560, మిగులు 440. అదే 10,000 దగ్గర ఖర్చు 1,300, వచ్చేది 1,000. మూడొందలు ఎదురు పడుతుంది. ఈఎస్ఐ వర్తిస్తే 3.25 శాతం దీనికి అదనం. ‘నెలకు మూడు వేలు ఫ్రీ’ అని వాట్సాప్‌లో తిరిగే మాట ఈ లెక్క ముందు నిలవదు. అలాగని తీసిపారేయాల్సిందీ కాదు. 2,000 శ్లాబులో తయారీ యూనిట్‌కు ఒక్కో మనిషి మీద నాలుగేళ్లలో 96,000 వస్తాయి, అంటే పీఎఫ్ భారం దాదాపు ప్రభుత్వం మోసినట్టే.

ఎక్కువ మంది బోల్తా పడేది తలల లెక్క దగ్గర. 50 మందిలోపు ఉన్న సంస్థ కనీసం ఇద్దరిని, 50 లేదా ఆపైన ఉన్నది ఐదుగురిని బేస్‌లైన్ మీద అదనంగా చేర్చి ఆరు నెలలు నిలపాలి. పాత సంస్థలకు బేస్‌లైన్ అంటే పథకానికి ముందు పన్నెండు నెలల ఈసీఆర్‌లలో (పీఎఫ్‌కు నెలనెలా వేసే ఉద్యోగుల రిటర్న్‌లు) కనిపించే సగటు సంఖ్య. బేస్‌లైన్ 24 అయితే ఒక్కరినే చేర్చుకున్నవాళ్లకు వచ్చేది సున్నా. ఇద్దరిని చేర్చాక ఐదో నెలలో పాత ఆపరేటర్ ఒకరు మానేస్తే సంఖ్య 25కు దిగిపోతుంది. కొత్తవాళ్లిద్దరూ చక్కగా పనిచేస్తున్నా షరతు తప్పినట్టే. కాబట్టి ఇద్దరి దగ్గర ఆగకుండా, నిజంగా పని ఉంటే మూడో మనిషిని కూడా అదే నెలలో చేర్చడం మేలు.

పథకం మొదలయ్యాక కొత్తగా కోడ్ తీసుకున్న సంస్థకు బేస్‌లైన్‌ను 20గా లెక్కేస్తారు. పన్నెండు మందితో నడిచే లేత్ వర్క్‌షాప్ స్వచ్ఛందంగా పీఎఫ్‌లో చేరినా, 22 మంది అయ్యేదాకా పార్ట్ బి ముఖం చూడదు. చిన్న వ్యాపారాలకు ఊతం అన్న ప్రచారానికి ఇది పెద్ద చిల్లు. అర్హత ఉన్న పనివాళ్లకు పార్ట్ ఎ డబ్బు మాత్రం వస్తుంది.

ఇక నమోదు. కొత్త యూఏఎన్ (ఉద్యోగి పీఎఫ్ నంబరు) ఉమాంగ్ యాప్‌లో ఫేస్ అథెంటికేషన్‌తోనే తీయాలి. ఆధార్ ఫేస్ ఆర్‌డీ యాప్ కూడా ఫోన్లో ఉండాలి. ఆధార్‌కు లింకైన నంబరుకు ఓటీపీ వస్తుంది, తర్వాత ముఖం స్కాన్. ఒడిశా, బీహార్ నుంచి వచ్చిన కుర్రాళ్లలో చాలామంది సిమ్ మార్చేసి ఉంటారు. ఓటీపీ పాత నంబరుకు పోతుంది, పని అక్కడే ఆగుతుంది. చేర్చుకున్న రోజే ఆధార్ కేంద్రానికి పంపి నంబరు మార్పిస్తే ఆ నెల ఈసీఆర్‌లో పేరు తప్పిపోదు. రెండో చిక్కు, పాత యూఏఎన్. ఎప్పుడో లేబర్ కాంట్రాక్టర్ రెండు నెలలు పీఎఫ్ కట్టి ఉంటే ఆ మనిషి ‘తొలిసారి’ కాదు, పార్ట్ ఎ పోతుంది. యజమాని పార్ట్ బికి మాత్రం లెక్కలోకి వస్తాడు. కాంట్రాక్టర్ కోడ్ కింద ఉన్నవాళ్లు మీ గేటులోనే పనిచేస్తున్నా మీ సంఖ్యలో కలవరు.

డబ్బు చేరే దారులు కూడా వేరు. ఉద్యోగికి ఆధార్ ఆధారిత చెల్లింపు, కాబట్టి పాస్‌బుక్ జిరాక్స్ ఇస్తే సరిపోదు, ఖాతా ఆధార్‌తో సీడ్ (లింక్) అయి ఉండాలి. యజమానికి పాన్‌తో లింకైన ఖాతాలోకి వస్తుంది. ప్రొప్రైటర్ పేరొకటి, ఖాతా పేరింకొకటి ఉన్న చోట ముందే సరిచేసుకోవాలి. ప్రతి నెలా 15లోగా ఈసీఆర్ వేసి చలాన్ కట్టడం మామూలే.

పాత పథకంతో పోలిస్తే ఒక లోటు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 2020 అక్టోబర్ నుంచి 2022 మార్చి దాకా నమోదులు తీసుకున్న ఆత్మనిర్భర్ భారత్ రోజ్‌గార్ యోజనలో, 1,000 మంది వరకు ఉన్న సంస్థల కొత్త ఉద్యోగులకు రెండు వాటాలూ, అంటే 24 శాతం, ప్రభుత్వమే వేసింది. ఇప్పుడు ముందుగా యజమానే తన జేబులోంచి కట్టాలి. 15,000 వేతనం ఉన్న ఇద్దరికి ఆరు నెలలకు 23,400. బిల్లులు తొంభై రోజులకు వచ్చే జాబ్ వర్క్ యూనిట్‌కు ఇది చిన్న బరువు కాదు.

3,000 శ్లాబు కోసం పాకులాడేవాళ్లకు ఒక హెచ్చరిక. ఆ శ్లాబు అందాలంటే పీఎఫ్ వేతనమే 20,000 దాటాలి. జీతం 20,000 ఉన్నా ఇప్పటిదాకా 15,000 మీదే పీఎఫ్ కడుతున్న యూనిట్ పూర్తి వేతనానికి మారితే తన వాటా 1,800 నుంచి 2,400కు పెరుగుతుంది, అడ్మిన్‌తో కలిపి అదనపు ఖర్చు 625 దాకా. ఇన్సెంటివ్ పెరిగేది 1,000. ఉద్యోగి చేతికొచ్చే జీతంలోనూ 600 కోత పడుతుంది. గడువు తీరాక ఆ పెరిగిన వాటా యజమాని మీదే ఉండిపోతుంది, దాన్ని మళ్లీ తగ్గిస్తామంటే ఏ ఉద్యోగీ ఊరుకోడు.

టాక్స్ ఆడిట్ ఉన్న సంస్థలు ఆదాయపు పన్నులో అదనపు ఉద్యోగుల ఖర్చుపై ఏటా 30 శాతం చొప్పున మూడేళ్లు దొరికే మినహాయింపునూ ఆడిటర్‌తో మాట్లాడుకోవాలి. పాత చట్టంలో అది 80జేజేఏఏ సెక్షన్. అక్కడ జీతం పరిమితి నెలకు 25,000, సాధారణంగా ఏడాదిలో 240 రోజుల పని ఉండాలి. జీతం బ్యాంకు ద్వారానే ఇవ్వాలి, నగదుగా ఇచ్చింది లెక్కలోకి రాదు.