ఎంవీపీ కాలనీ ఫిజిక్స్ ట్యూషన్: బోర్డు తుడిచాకే రాయాలి

బీఎస్సీ మొదటి ఏడాదంతా సీనియర్ల రికార్డులు చూసి ఎక్కించేశాను. ఈ ఏడాది విశాఖ ఎంవీపీ కాలనీలో ఒక రిటైర్డ్ లెక్చరర్ గారి దగ్గర చేరాను. ఇక్కడి పద్ధతి నాకు చాలా నచ్చింది. లెక్క ఇచ్చాక నలుగురం బోర్డు దగ్గర ఎంతసేపైనా వాదించుకోవచ్చు. తర్వాత మాస్టారు బోర్డు తుడిచేస్తారు. ఎవరిది వాళ్లే విడిగా రాయాలి, ఎవరితో చర్చించామో పైన పేర్లు వేయాలి. పేరు వేస్తే ఏమీ అనరు, దాస్తేనే బాధపడతారు.

కాంపౌండ్ పెండ్యులమ్‌తో (ఊగే కడ్డీ లోలకం) నాకు ‘జి’ (గురుత్వ త్వరణం) విలువ సెకనుకు సెకనుకు 969 సెం.మీ. వచ్చింది. పుస్తకంలో 981 ఉందని రెండు రీడింగులు దిద్దేశాను. గ్రాఫ్ చూడగానే పట్టేశారు. "అమ్మా, మన విశాఖలో అది దాదాపు 978.5. నీకొచ్చిందే రాయి, తేడా ఎందుకొచ్చిందో వెతుకు" అన్నారు. వెతికితే, లోలకాన్ని సుమారు 16 డిగ్రీలు లాగి వదిలానని తేలింది. కోణం పెరిగితే డోలన కాలం (ఒక పూర్తి ఊపుకి పట్టే సమయం) పెరుగుతుంది, లెక్కలో వచ్చే ‘జి’ తగ్గుతుంది. 5 డిగ్రీల లోపు ఉంచి చేస్తే 977! ఆ రోజు ఎంత సంతోషమేసిందో.

గది ఇరుకు. గాజువాక నుంచి ఆరింటి బ్యాచ్‌కి రావడం కష్టమే. అయినా మా తమ్ముణ్ణి కూడా ఇక్కడే చేర్పిస్తున్నాను.