మిద్దె మీది సోలార్: మధ్యాహ్నం భేష్, రాత్రికి పాత కథే

హన్మకొండలో మా గల్లీ మొత్తానికి ఒక్కటే ట్రాన్స్‌ఫార్మర్. అది పెట్టిన నాడు ఇంటికో కూలర్ ఉంటే గొప్ప. ఇప్పుడు పెంకుటిళ్ల జాగల్లో అపార్ట్‌మెంట్లు లేచినయ్, ఇంటికి రెండేసి ఏసీలు. ఏప్రిల్ వచ్చిందంటే మధ్యాహ్నం పూట స్టెబిలైజర్ టకటకా కొట్టుకునేది, ఫ్రిజ్ కంప్రెసర్ ఎత్తుకునేదే కాదు. 3 కిలోవాట్ల సోలార్ పెట్టించినంక పగటి గోస చాలావరకు తీరింది. ఇళ్ల మీది సోలార్‌కు కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకం కింద రూ.78,000 సబ్సిడీ వచ్చింది. మనం తీసుకున్న కరెంటునూ, బయటి లైన్లకు (గ్రిడ్‌కు) పంపినదాన్నీ లెక్కగట్టే నెట్ మీటర్ కోసం తిరిగిన తిరుగుడు గురించి ఎంత తక్కువ చెప్తే అంత మంచిది.

మంచి ఎండ కాస్తే రోజుకు 12 యూనిట్ల దాకా వస్తయ్. ముసురు పడితే అందులో సగం కూడా రావు. మే ఎండకు దండిగా వస్తుందనుకుంటారు గానీ, ప్యానెల్ కాగితే ఉత్పత్తి తగ్గుతుంది. మాకు మార్చే బాగుంటుంది. యాసంగి వరికి ఊళ్లల్ల బోర్లన్నీ నడిచేదీ అప్పుడే కనుక, మిగిలిన యూనిట్లు గ్రిడ్‌కు సరైన టైంలోనే పోతున్నయ్.

రాత్రి సంగతే వేరు. ప్యానెళ్లు పడుకున్నంక ఏసీలు లేస్తయ్. ఫ్యూజు ఎగిరేది ఇప్పటికీ అప్పుడే. బ్యాటరీ లేని సోలార్ దానికేం చేయలేదు. మా వంతుగా మోటరు, వాషింగ్ మెషీన్, ఇస్త్రీ అన్నీ పగటికి మార్చినం.

కరెంటు పోతే సోలార్ కూడా ఆగుతుంది. స్తంభమెక్కిన లైన్‌మన్‌కు మన ఇంటి కరెంటు కొట్టొద్దని సోలార్ ఇన్వర్టర్, అంటే ప్యానెళ్ల కరెంటును ఇంట్లో వాడే కరెంటుగా మార్చే డబ్బా, దానంతటదే బంద్ అవుతుంది. ఆ ఏర్పాటు న్యాయమే, కానీ అమ్మేటోళ్లు ఈ ముక్క ముందుగా చెప్పరు. "ఇన్ని పైసలు పెట్టి మళ్ల విసనకర్రేనా బిడ్డా?" అని పక్కింటి పెద్దమ్మ ఇప్పటికీ నవ్వుతది.

కోతుల బెడద వరంగల్ వాళ్లకు చెప్పనక్కర్లేదు. కేబుళ్లు పీకుతయ్, పైపులో వేయించుకోండి. ప్యానెళ్లు పొద్దుగాలే కడగాలి, కాగిన అద్దం మీద చన్నీళ్లు పోయొద్దు.

ఇంకోటి. చలికాలం మధ్యాహ్నాల్లో వాడకం తక్కువ, ఉత్పత్తి ఎక్కువ. లైను చివరి ఇళ్లల్ల వోల్టేజీ 250 దాటి ఇన్వర్టర్ ఎర్రలైటుతో ఆగిపోతుంది. మా ఇల్లు లైను చివర్నే. ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ (వోల్టేజీ ఎక్కువ తక్కువలు సర్దే మెట్టు) మార్చినంకనే సర్దుకుంది. మీదీ చివరి ఇల్లయితే, ఆర్డరిచ్చే ముందు ఆదివారం మధ్యాహ్నం ఓసారి వోల్టేజీ చూపించుకోండి.