రిటుక్సిమాబా, ఒబినుటుజుమాబా: ఏది మేలు?

యాంటీబాడీ క్యాన్సర్ కణాన్ని చంపుతుందని మనం అలవాటుగా అనేస్తుంటాం. నిజానికి చాలావరకు అది పట్టి ఇస్తుందంతే, చంపే కణాలు వేరే ఉంటాయి. బి-కణాలనే తెల్ల రక్తకణాల నుంచి పుట్టే క్యాన్సర్లకు ఇచ్చే ఈ రెండు యాంటీబాడీ మందుల మధ్య తేడా ఎక్కువగా ఆ అప్పగింతలోనే ఉంది.

యాంటీబాడీని ఒక పంగలకర్ర అనుకోండి. పైన రెండు కొమ్మలు, కింద పిడి. కొమ్మలు బి-కణం మీదున్న సీడీ20 అనే ప్రోటీన్‌ను పట్టుకుంటాయి, పిడి బయటికి నిక్కి ఉంటుంది. అటుగా వచ్చిన ఎన్‌కే కణం, అంటే పాఠ్యపుస్తకాల్లోని సహజ హంతక కణం, తన సీడీ16 గ్రాహకంతో ఆ పిడిని అందుకుంటుంది. ఒక్క పిడి దొరికితే చాలదు, ఒకేచోట చాలా పిడులు చిక్కితేనే దానికి ఊపు వస్తుంది. అప్పుడు పెర్ఫోరిన్‌తో పొరకు చిల్లులు పొడిచి గ్రాంజైములను లోపలికి వదులుతుంది. అవి చేరాక కణం తనను తానే కూల్చుకుంటుంది. మాక్రోఫేజ్‌లనే మింగుడు కణాలైతే ఇంత తతంగం పెట్టుకోవు, పిడి పట్టుకుని మింగేస్తాయి. పిడి పట్టే గ్రాహకాలు పనిచేయని ఎలుకలకు రిటుక్సిమాబ్ ఇచ్చి చూస్తే దాని పనితనం చాలావరకు పోయిందని 2000లోనే తేలింది.

రిటుక్సిమాబ్‌ది 1997. అమెరికాలో క్యాన్సర్‌కు అనుమతి పొందిన తొలి మోనోక్లోనల్ యాంటీబాడీ, అంటే అచ్చు ఒకేలాంటి కాపీలుగా తయారుచేసిన యాంటీబాడీ, ఇదే. కొమ్మల కొసలు ఎలుకవి, మిగతాదంతా మనిషిది. పేరులోని ‘క్సి’ చెప్పేది ఆ కలగలుపునే, ఒబినుటుజుమాబ్‌లోని ‘జు’కు దాదాపు పూర్తిగా మనిషిలా మలిచారని అర్థం. నోరు తిరగని ఈ పేర్లలో పనికొచ్చే ముక్కలు అవే. రిటుక్సిమాబ్ సీడీ20లను ఒకచోటికి గుంపుగా లాగుతుంది. దాంతో రక్తంలోని కాంప్లిమెంట్ అనే రక్షణ ప్రోటీన్లు కూడా వచ్చి కణానికి రంధ్రాలు చేస్తాయి. అది దాని బలం. పిడి దగ్గర మాత్రం ఒక ఇబ్బంది ఉంది. అక్కడుండే చక్కెర గొలుసుకు ఫ్యూకోజ్ అనే చిన్న బుడిపె అంటుకుని ఉండి, ఎన్‌కే కణానికి పట్టు సరిగా కుదరనివ్వదు. పైగా సీడీ16 అందరిలో ఒకేలా ఉండదు. దానిలో 158వ స్థానంలో వాలీన్ అనే అమైనో ఆమ్లం ఉన్నవాళ్లకు పట్టు గట్టిగా, ఫినైల్‌అలనీన్ ఉన్నవాళ్లకు వదులుగా ఉంటుంది.

ఒబినుటుజుమాబ్‌ను తయారుచేసే కణాల్లోనే మార్పు చేసి, చాలా పిడుల మీద ఆ బుడిపె చేరకుండా చూశారు. ఫ్యూకోజ్ తీసేస్తే సీడీ16 పట్టు 50 రెట్ల దాకా పెరుగుతుందని ల్యాబు కొలతలు చెప్పాయి. కాంప్లిమెంట్‌ను ఇది పెద్దగా పిలవదు. ఆ లోటును గట్టి పిడితోనూ, కణాన్ని నేరుగా చావు దారి పట్టించడంతోనూ పూడ్చుకుంటుంది.

కాగితం మీద కొత్తదే గెలిచింది. మరి మనుషుల్లో?

సీఎల్ఎల్ అనే నెమ్మది రకం రక్త క్యాన్సర్‌లో గెలిచింది. ఇతర జబ్బులు కూడా ఉన్న రోగులకు క్లోరాంబుసిల్ అనే కీమో మందుతో కలిపి ఇస్తే, జబ్బు ముదరకుండా గడిచిన కాలం రిటుక్సిమాబ్‌తో 15.2 నెలలు, ఒబినుటుజుమాబ్‌తో 26.7 నెలలు. దీని ఆధారంగా ఫ్యూకోజ్‌కే మొత్తం ఘనత కట్టబెట్టడం నాకు నచ్చదు. మొదటి 28 రోజుల్లో కొత్త మందును 1000 మిల్లీగ్రాముల చొప్పున 3 సార్లు ఎక్కించారు, పాతదాన్ని ఒక్కసారే ఇచ్చారు. పందెం సరిసమానంగా మొదలవలేదు. ఫాలిక్యులర్ లింఫోమా అనే నెమ్మదిగా పెరిగే లింఫు గ్రంథుల క్యాన్సర్‌లో తేడా కాస్త తగ్గింది. జబ్బు ముదరకుండా 3 ఏళ్లు దాటినవాళ్లు 80 శాతం, రిటుక్సిమాబ్ వైపు 73.3 శాతం. బతికి ఉన్నవాళ్ల లెక్క మాత్రం రెండు వైపులా ఇంచుమించు ఒకటే. వేగంగా పెరిగే డిఫ్యూజ్ లార్జ్ బి-సెల్ లింఫోమాలో 1,418 మందిపై చూస్తే కొత్తదానికి చెప్పుకోదగ్గ ఆధిక్యమే రాలేదు. అక్కడ కీమో ధాటి ముందు పిడి పట్టు ఎంత బిగిసినా పెద్దగా తేడా రాలేదేమో అని నా ఊహ.

గట్టి పట్టుకు మూల్యమూ ఉంది. కణాలు ఒక్కసారిగా రెచ్చిపోయి సైటోకైన్లనే సంకేత రసాయనాలు వదిలితే చలి, జ్వరం, బీపీ పడిపోవడం. పైన చెప్పిన సీఎల్ఎల్ పరిశోధనలో మందు ఎక్కేటప్పుడు తీవ్రమైన ఇబ్బంది పడ్డవాళ్లు 20 శాతం, రిటుక్సిమాబ్‌తో 4 శాతం. అందుకే సీఎల్ఎల్‌లో మొదటి డోసును రెండు రోజులకు పంచి, తొలిరోజు 100 మిల్లీగ్రాములే ఎక్కిస్తారు.

నన్నడిగితే సీఎల్ఎల్‌లో యాంటీబాడీయే వాడాలనుకుంటే ఒబినుటుజుమాబ్, ముఖ్యంగా వెనెటోక్లాక్స్ మాత్రలకు జోడీగా. లార్జ్ బి-సెల్‌లో రిటుక్సిమాబ్‌ను కాదనడానికి కారణం కనిపించదు. ఫాలిక్యులర్‌లో వయసు, ఇన్‌ఫెక్షన్ల భయం, డబ్బు మూడూ చూడాలి. డబ్బు చిన్న విషయం కాదు. హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ 2007లో రెడిటక్స్ పేరుతో చవకైన రిటుక్సిమాబ్‌ను తెచ్చాకే ఈ వైద్యం మన దగ్గర చాలామందికి అందుబాటులోకి వచ్చింది.

ఒక్క విషయంలో మాత్రం రెండింటికీ తేడా లేదు. బి-కణాలు ఖాళీ అయితే ఒంట్లో నిద్రపోతున్న హెపటైటిస్-బి వైరస్ లేచి కాలేయాన్ని దెబ్బతీయొచ్చు. ఏది ఎక్కించాలన్నా ముందు ఆ వైరస్ ఉపరితల యాంటిజెన్‌కూ, కోర్ యాంటీబాడీకీ పరీక్ష చేయించాలి. మొదటిదొక్కటే చేసి సరిపెడితే పాత ఇన్‌ఫెక్షన్ కనపడకుండా తప్పించుకుంటుంది.